తెర కింది సగం

తొంభైల ఆఖర్లో పాలమూరు నుంచి బదిలీ అయి, నల్లగొండ జిల్లాలోని ఒక నేతగాళ్ల ఊరికి సోషల్ సారుగా వెళ్లాను. వెళ్లిన నెలలోనే ఇంటర్నెట్టు మీద రెండు రోజుల శిక్షణకు నన్ను హైదరాబాదు పంపారు. అక్కడ కంప్యూటర్ ముట్టుకునే భాగ్యం నాకు పది నిమిషాలు దక్కింది. మిగతా కాలమంతా ముందు వరుసవాళ్ల వీపులు చూశాను. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. ఆ అల్పుణ్ని నేనే. ఏ వాదన వచ్చినా నెట్టులో చూద్దామనేవాణ్ని. చూడాలంటే నల్లగొండకు బస్సెక్కాలి కాబట్టి ఎవరూ చూద్దామనేవారు కాదు.

బడిలో కంప్యూటర్ లేదు. నల్లబల్ల మీద తెర గీసి, మౌస్ ఇలా కదులుతుందని డస్టర్‌ను టేబుల్ మీద జరిపేవాణ్ని. ముందు బెంచీ పిల్లలు సుద్దపొడికి దగ్గి దగ్గి నేర్చుకున్నారు. వారానికోసారి నల్లగొండలో ఒక సాయిబు పెట్టిన ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి, ఒక పేజీ తెరిచి, కనిపించింది నోట్సులో ఎక్కించుకొచ్చి పాఠం చెప్పేవాణ్ని.

ఆ ఏడు జిల్లా క్విజ్‌కు బడికి ఒక్కరినే పంపమన్నారు. ఎవరిని పంపాలో తేల్చడానికి పరీక్ష పెట్టాను. చివరి ప్రశ్న, మన ఊరి చీరల మీదికి పూలు ఎట్లా వస్తాయని. తొమ్మిదో తరగతిలో ఒక నేతగాళ్ల పిల్ల, నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులో ముంచుతారని రాసింది. నేసిన బట్టకే రంగులు అద్దుతారని నా నోట్సులో ఉంది. ఎర్ర సిరాతో ఇంటూ కొట్టాను. ఆ ఒక్క మార్కుతో ఆమె వెనకబడింది. నా నోట్సు పొల్లుపోకుండా బట్టీ పట్టినవాడు ముందుకొచ్చాడు.

"మా ఇంట్ల రోజూ చూస్తున్న సార్" అన్నదా పిల్ల.

"మీ ఇల్లు పెద్దదా, ప్రపంచం పెద్దదా?" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మరునాడు పిల్లను వెంటబెట్టుకుని వాళ్ల అవ్వ వచ్చింది. సైకిల్ ట్యూబు ముక్కలతో సగం ముడులు కట్టిన నూలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. కళ్లముందున్న నూలును చూసి కూడా నేను ఒప్పుకోలేదు. ఆమె తిట్టలేదు. నాకు ఆ మాట చెప్పినదేదో జర చూపించమంది, అంతే. పేరు పంపడానికి ఇంకా రెండు రోజుల గడువుంది. సరే, ఈ ముసలమ్మకు నెట్టంటే ఏమిటో చూపిస్తానని ఇద్దరినీ బస్సెక్కించాను.

సెంటర్‌లో సాయిబు అవ్వకు కుర్చీ వేశాడు. పేజీ తెరుచుకునేలోపు ఆమె ఆకూ వక్కా వేసుకుని నమలడం కూడా అయిపోయింది. పైన నాలుగు లైన్లు, కింద బొమ్మ రావలసిన చోట ఖాళీ డబ్బా. ఆ నాలుగు లైన్లూ ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పి, మీసం దువ్వుకున్నాను. అవ్వ తెరను చూసింది. లేచి దాని వెనక చూసింది. వంగి టేబుల్ కింద కూడా చూసింది. నాకు నవ్వాగలేదు.

"మగ్గం మీద కూసుంటే నా కండ్లకు ఆనేది జానెడు బట్టే సారూ. నేసిందంత కర్రకు చుట్టుకొని ఉంటది. గీ మిగిలింది ఏడ చుట్టిండ్రు?"

ఇది మగ్గం కాదమ్మా అని చెప్పబోయాను. ఈలోపు సాయిబు చెయ్యి చాచి ఒక మీట నొక్కాడు.

పేజీ పైకి జరిగింది. అది జరుగుతుందని నాకు తెలియదు! మూడు నెలలుగా వస్తున్నాను, తెర అడుగే పేజీకి అడుగనుకున్నాను. ఖాళీ డబ్బా కింద ఇంకా రాసి ఉంది. పిల్ల ముందుకొచ్చి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. ఇలా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారట. అది తప్పట. ముందు నూలుకే రంగు వేస్తారట.

నాకు తల కొట్టేసినట్టయింది. సారు జల్దీ చదివేస్తాడేమో, అందుకే కిందికి జరపడం తన కంట పడలేదని ఇన్నాళ్లూ అనుకున్నానని సాయిబు మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాద నన్ను ఇంకా చంపింది. తిరుగు బస్సెక్కాం. అవ్వ కొంగుముడి విప్పి, సగం పల్లీలు నా చేతిలో పోసింది. తిన్నాను.

మరునాడు క్లాసులో నిలబడి, తప్పు నాదని చెప్పాను. మూడు నెలల పాఠాలూ పై సగమేనా అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. అవునన్నాను. పాత ఇంటూను కొట్టేసి, మార్కు వేసి, జిల్లా క్విజ్‌కు పిల్ల పేరు రాసి, పరీక్ష కాగితం ఆమె చేతికిచ్చాను.

ఆమె మార్కు చూసుకుంది. సంతోషపడుతుందని ఎదురుచూస్తున్నాను. కాగితం తిప్పి వెనక వైపు చూసింది.

"ఏం చూస్తున్నవమ్మా?"

"ఇంకేమన్న ఉన్నదేమోనని, సార్."