మరక లేని కోటు

మా పెద్దమ్మ ఎవరి మాటా ఒక్కసారికి నమ్మదు. పెదనాన్నతో కలిసి నడిపే లాండ్రీయే ఆమెకు ఆ గుణం నేర్పిందని ఇంట్లో అంటారు. ఎప్పుడో ఎవరి జేబులోనో మిగిలిపోయిన పెన్ను ఒకటి, హోటలువాళ్ల తెల్ల దుప్పట్లన్నిటినీ నీలం చేసిందట. అప్పటినుంచి ప్రతి జేబూ తిరగేసి చూడందే ఏ బట్టా యంత్రంలో వెయ్యదు. “జేబులో ఏమీ లేదండీ” అన్నవాళ్ల జేబు రెండుసార్లు చూస్తుంది. వీధిలో ఆమె పేరు జేబులమ్మ.

ఆమె కూతుర్ని మేమంతా చిన్నది అంటాం. హైస్కూల్లో ఇంజనీరింగ్ క్లాసు తీసుకుంది. వచ్చే ఏడాది కూడా కొనసాగుతుందో లేదో శుక్రవారంలోగా చెప్పమని మాస్టారు కబురు పెట్టారు. అడగడమే ఆలస్యం, చిన్నది కొనసాగుతానంది. ఆ తొందరే పెద్దమ్మకు నచ్చలేదు.

“అంత గబగబా అందేమిటండీ? దీని వెనక ఏదో ఉంది,” అంది పెదనాన్నతో.

ఆయన ఇస్త్రీ ఆపలేదు. “చదువుకుంటానన్నా అనుమానమేనా? నేను ఆవలిస్తే కూడా ఎందుకని అడుగుతావు.”

“మీ ఆవలింత సంగతి తర్వాత. ఇది చూడండి.”

చిన్నది వర్క్‌షాపులో వేసుకునే బూడిదరంగు కోటును పెద్దమ్మ తెచ్చి బల్ల మీద పరిచింది. చేతుల అంచులు చూపించింది, జేబులు తిరగేసింది. “మెకానిక్కుల బట్టలు మన దగ్గరికి రావా? ఎలా ఉంటాయి? ఇన్నాళ్లుగా ఉతుకుతున్నాను, దీని మీద ఒక్క నూనె చుక్క లేదు. ఇది అసలు క్లాసుకు పోతోందా? ఆ పేరు చెప్పి ఎక్కడ తిరుగుతోందో!”

పెదనాన్న ఇస్త్రీ ఆపి కోటు వంక చూశాడు.

మర్నాడు క్లాసు ఉంది. పెద్దమ్మ ఆ కోటును ఎవరివో కర్టెన్ల మూటలో దాచేసింది. చిన్నది ఇల్లంతా తిరగేసి, ఏడుపు మొహంతో కోటు లేకుండానే బడికి వెళ్లింది.

“చూశావా, ఎలా నటిస్తోందో!” అంది పెద్దమ్మ నాతో.

మధ్యాహ్నం ఆ కోటు ఇచ్చే వంకతో నన్ను తోడు తీసుకుని బడికి బయల్దేరింది. పిల్ల అక్కడ ఉండదని ఆమెకు దాదాపు ఖాయమే. వర్క్‌షాపు తలుపుకున్న అద్దంలోంచి చూసి ఆగిపోయింది.

చిన్నది అక్కడే ఉంది. నలుగురు మగపిల్లలు డ్రిల్లింగ్ యంత్రం చుట్టూ మూగి ఉన్నారు. ఇది మాత్రం ఆ చివర కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని రాసుకుంటోంది. వాళ్లు ఏదో కొలత అరిచి చెప్పారు. ఇది తల ఊపి రాసుకుంది.

మాస్టారు బయటికొచ్చారు. “మీ అమ్మాయి రాత ముత్యాలేనండీ! వీళ్ల జట్టు రిపోర్టులన్నీ తనే రాస్తుంది.”

పెద్దమ్మ కోటు ఆయన చేతిలో పెట్టింది. “రాతకి కోటెందుకండీ?”

ఆయన నవ్వబోయి మానుకున్నారు.

సాయంత్రం దుకాణంలో చిన్నదాన్ని నిలదీసింది. “నీ చేత యంత్రం ముట్టించరని నాకెందుకు చెప్పలేదే?”

“చెబితే మాన్పించేస్తావని.”

“మాన్పించేదాన్నే!”

“అందుకే చెప్పలేదు. వచ్చే ఏడాది జట్లు మారుస్తారమ్మా. అప్పుడైనా నావంతు వస్తుందని...”

“రాదు. ఇంత చక్కగా రాసిపెట్టేదాన్ని ఎవరు వదులుకుంటారు?” పెద్దమ్మ ఒక చొక్కా జేబు తిరగేసి, మళ్లీ లోపలికి నెట్టింది. “నేను వచ్చి అడగను. నువ్వే అడుగు. శుక్రవారం లోపల ఈ కోటు మాసి రావాలి. తెల్లగా వచ్చిందో, క్లాసు బంద్.”

“కోటు బూడిదరంగే,” అన్నాడు పెదనాన్న.

“మీరు ఇస్త్రీ చూసుకోండి.”

గురువారం చిన్నది కోటు తెచ్చి బల్ల మీద పడేసింది. దాని కుడిచెయ్యి మోచేతిదాకా నల్లగా ఉంది. పెద్దమ్మ ఆ మరకను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

“సైకిల్ చెయిన్‌కి రాసుకొచ్చావా?”

“అమ్మా!”

జేబు తిరగేసింది. సన్నని ఇనప రజను బల్ల మీద రాలింది. దాన్ని వేలితో అటూ ఇటూ కదిపి చూసి, మాస్టారికి ఫోన్ చేసి కొనసాగుతుందని చెప్పింది.

ఫోన్ పెట్టెయ్యగానే మళ్లీ కోటు అందుకుంది. “అన్నట్టు, ఈ ఎడమచెయ్యి ఇంత శుభ్రంగా ఉందేమిటే?”