టైలరమ్మ కొండెక్కిన ఆదివారం

టైలరమ్మ కారు నేర్చుకుంటోందని తెలిసి వీధిలో సగంమంది నవ్వారు. మిగతా సగం పిల్లల్ని వాకిట్లో ఆడుకోవద్దన్నారు. ఆమె పట్టించుకోలేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ కుట్టుమెషీను తొక్కిన కాళ్ళు అవి. క్లచ్ మీది పాదం ఎంత మెల్లగా ఎత్తాలో డ్రైవింగ్ మాస్టారు చెబుతుంటే, "జారే గుడ్డ మీద కుట్టు మొదలెట్టినట్టు, అంతేగా" అంది. ఒక్క రివర్సే ఆమెకు కొరుకుడు పడలేదు. మెషీను చక్రం వెనక్కి తిరిగిందంటే దారం తెగుతుంది. ఆ భయం ఒంట్లో ఇంకిపోయి, బండి వెనక్కి కదలగానే బ్రేకు తొక్కేసేది.

ఆమె భర్త బస్సు డ్రైవరు. కోట ఉన్న నగరం, రాజభవనాలున్న నగరం దాటి కొండమీది ఊరికి వెళ్ళే బస్సు ఆయనది. "ఆ కొండ నీకోసారి చూపించాలోయ్" అని పెళ్ళయిన కొత్తలోనే అన్నాడు. తీరా సెలవు దొరికిన రోజున ఆ దారి పేరెత్తితే దుప్పటి ముసుగు లాగేవాడు. అలా ఏళ్ళు గడిచాక కళ్ళ డాక్టరు పిడుగులాంటి మాట చెప్పాడు. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది కానీ పక్క చూపు తగ్గిపోతోంది, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని. ఆ రోజు నుంచి ఆయన ముందుగది కిటికీ దగ్గర కుర్చీకి అతుక్కుపోయాడు. రోడ్డు మీద బస్సు వెళితే, "గేరు ఆలస్యంగా మార్చాడు" అనడం తప్ప మాట కూడా తగ్గిపోయింది.

టైలరమ్మ కారు నేర్చుకున్నది అందుకే. శనివారం రెండు నగరాలు, ఆదివారం కొండ అని ఆమె చెప్పినప్పుడు ఆయన ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"కొండ కింద అద్దె డ్రైవర్ని మాట్లాడదాం. ఘాట్ రోడ్డంటే మన వీధి కాదు."

ఆమె సరేనంది, మనసులో మాత్రం ముల్లు దిగింది. ఆయన ఏలిన దారిలోనే ఆయన్ని తీసుకెళ్ళి ఎవరి వెనకో కూర్చోబెడితే, తిరిగొచ్చాక ఆ కుర్చీలోంచి ఇక లేవడని ఆమె భయం.

కోట నగరం దాకా ప్రయాణం బాగానే సాగింది. ఆయన మాత్రం దారంతా కుడికాలితో లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. కోట ద్వారం ముందు లారీ అడ్డు తొలగగానే, "రైట్, రైట్" అన్నాడు. ఆమె వెంటనే కుడికి తిప్పింది. కారు పోయి పోయి పాత మేడల మధ్య సందులో దూరింది. రెండువైపులా చెక్కిన అరుగులు, ఎదురుగా గోడ.

"ఇక్కడికెందుకు తిప్పావోయ్?"

"మీరేగా రైట్ అన్నారు."

"రైట్ అంటే పోనిమ్మని. మా కండక్టర్లు అదేగా అనేది."

"మరి కుడికి తిరగాలంటే ఏమంటారు?"

ఆయన కాస్త ఆలోచించాడు. "ఏమీ అనరు. దారి డ్రైవరుకు తెలుసుగా."

వెనక్కి తీయాలంటే ఆమె వల్ల కాలేదు. బండి జానెడు కదలడం, ఆగిపోవడం. చివరకు ఆ సందులోనే గడియారాలు బాగుచేసే ఒకాయన కొట్టు వదిలి వచ్చి తీసిపెట్టాడు. "ఈ సందులోకి వచ్చిన కార్లన్నీ నా చేతి మీదుగానే వెళతాయమ్మా" అని ఆయన ఎంత తేలిక చేసినా, ఆమె మొహం మాడిపోయింది.  

మధ్యాహ్నం రాజభవనంలో కాస్త తేరుకుంది. అద్దాల వెనక ఉన్న రాజుగారి అంగీని ముక్కు ఆనించి చూసి, "ఎడమచెయ్యి కుట్టేటప్పుడు ఎవరో తొందరపెట్టారు పాపం" అంది. గోడ మీద బొమ్మలు వచ్చినప్పుడల్లా ఆయన రెండు భుజాలూ పట్టుకుని బొమ్మకు ఎదురుగా తిప్పింది. ఎదురుగా ఉంటే చాలు, ఆయనకు అన్నీ కనిపిస్తాయి. "నన్నూ స్టీరింగులా తిప్పుతున్నావే" అన్నాడాయన. చాన్నాళ్ళకు విన్న వేళాకోళం అది.

ఆదివారం పొద్దున్న కొండ కింద టీకొట్టు దగ్గర అద్దె డ్రైవరు దొరికాడు. వస్తూనే టైలరమ్మ ఎత్తు కోసం సీటు మీద వేసుకున్న దిండు తీసి వెనక సీట్లోకి విసిరాడు, సీటు వెనక్కి జరిపాడు.

"రెండో మలుపు దగ్గర ఏ గేరు వేస్తావు?" అని వెనక సీట్లోంచి భర్త ప్రశ్న వెళ్ళింది.

"ఏదో ఒకటిలే పెద్దాయనా, ఎక్కకుండా ఎక్కడికి పోతుంది."

"దిగు నాయనా."

"ఏమైందండీ?"

"ఏం కాలేదు. మా ఆవిడ నడుపుతుంది."

అన్నాడే కానీ, ముందుసీటులోకి వచ్చి కూర్చున్నాక ఆయన కాలు నిన్నటికంటే గట్టిగా తొక్కడం మొదలెట్టింది. ఆమె దిండు సర్దుకుంది. మొదటి మలుపు, రెండోది, మూడోది గడిచాయి. మెడ దగ్గర గుడ్డను తిప్పుకుంటూ కుట్టినట్టు, తొందరలేకుండా తిప్పింది. చెట్లు పలచబడ్డాయి, గాలి చల్లబడింది. అప్పుడు ఎదురుగా, మలుపు నిండా, బస్సు దిగుతోంది. దాని వెనక మరో రెండు బళ్ళు. వెనక్కి వెళ్ళవలసింది కారే.

ఆమె బ్రేకు బలంగా తొక్కిపట్టింది. "నావల్ల కాదండీ."

ఆయన తలుపు తీసుకుని దిగాడు. కారు చుట్టూ తడుముకుంటూ దాని వెనక లోయ వైపుకు వెళ్ళి, అంచుకు ఇవతల చెప్పులు ఆనించి చూసుకుని నిలబడ్డాడు.

"ఏవండీ, అటెందుకు? పక్కలు కనపడవు మీకు!"

"నువ్వు కనపడుతున్నావుగా. అద్దంలో నన్ను చూడు. నేను నిలబడ్డంత మేర నేలుంది. నా మీదికి రాకుండా, నన్ను వదలకుండా రా."

బస్సులోంచి డ్రైవరు తల బయటపెట్టాడు. "గురువుగారూ, మీరేంటి కింద?"

"ఇవాళ కండక్టర్నిరా. కాసేపు హారన్ కొట్టకు."

ఆమె అద్దంలోకి చూసింది. ఆ నెరిసిన తల తప్ప కొండా లోయా ఏవీ కనపడలేదు. క్లచ్ వదిలింది. బండి వెనక్కి కదిలింది. కాలు బ్రేకు మీదికి పోబోయి ఆగింది. దారం తెగలేదు. ఆయన ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ, "రానీ... రానీ..." అంటున్నాడు. వెడల్పు చోటు రాగానే, "హోల్డాన్" అని అరచేత్తో డిక్కీ మీద కొట్టాడు. బస్సు పక్కనుంచి దిగిపోతూ చిన్నగా ఒక్క హారన్ కొట్టింది. అది ఎవరి కోసమో ఇద్దరికీ తెలుసు.

ఆయన ఎక్కి కూర్చుని, పోనిమ్మని కండక్టరులా తలుపు మీద రెండుసార్లు తట్టాడు. తర్వాత వంగి చెప్పులు విప్పేశాడు. రెండు కాళ్ళూ సీటు మీదికి మడుచుకుని బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. కింద తొక్కడానికి ఇక పాదం లేదు.

కొండకొన దగ్గర రోడ్డు రెండుగా చీలింది. ఒకటి ఊళ్ళోకి, ఇంకొకటి కుడివైపు పొగమంచులోకి.

"రైట్" అన్నాడాయన.

ఆమె బండి ఆపింది. "పొమ్మనా, తిరగమనా?"

"నీ ఇష్టమోయ్."