మహిధర్ చూడని వారం

న్యాల్‌కల్ జొన్నచేలలో మోకాళ్ల మీద కూర్చుని, మట్టిలో థర్మామీటరు గుచ్చి, నేల వేడి ఎంతుందో రైతులకు చెప్పడం మహిధర్ పని. అతని ప్యాంటుకు అంటిన నల్లమట్టి మరకలు ఉతికినా పోవు. కంకిలో గింజ పాలు పోసుకునే వేళ నేల ఎండి కాగిపోతే, మసికుళ్లు తెగులు వేళ్లలోకి దిగి పైరును పడగొడుతుంది. సరిగ్గా ఆ వేళకే, ఎండకు బద్ధకించి, ఒక వారం అతను చేలవైపు పోలేదు. చేనుకు నీళ్లు పెట్టాలా అని రైతు బసమ్మ ఫోన్ చేస్తే, "ఫికర్ చెయ్యకక్కా, నేల సల్లగనే ఉంది" అనేశాడు.

ఇప్పుడు ఆమె చేనంతా ఒరిగిపోయింది. ఒక మొక్క పీకితే వేళ్లు బొగ్గులా నల్లబడి ఉన్నాయి.

"మా నసీబ్ గంతే సారూ" అంది బసమ్మ.

మహిధర్ తలెత్తలేకపోయాడు. "నసీబ్ గాదక్కా. ఆ వారం నేను సూడనే లేదు."

ఆమె పీకిన మొక్కను గట్టు మీదికి విసిరేసింది.

"పక్కన రేఖ చేను ఇంకా నిలబడే ఉంది" అంది. "జల్ది పో, గదన్న సూడు."