చవక ప్లాను

మా తమ్ముడు ఎంగిలిచేత్తో కాకిని కూడా తోలడు. అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అంటించి వాడే రకం. అలాంటివాడు ఉన్నట్టుండి ధర పదోవంతుకు దించేస్తే నాకు మతిపోయింది.

వాడి వ్యాపారం వెబ్ హోస్టింగ్. పెద్ద కంపెనీ దగ్గర సర్వర్లో చోటు టోకున కొని, చిన్న దుకాణాలవాళ్ళ వెబ్‌సైట్లకు చిల్లరగా అమ్ముతాడు. సైటుకు నెలకు ఇంత బ్యాండ్‌విడ్త్ అని, అంటే చూడవచ్చినవాళ్ళు మోసుకుపోగలిగినంత సరుకని, కొలత పెడతాడు. తన దగ్గరున్న దానికంటే ఎక్కువే అమ్ముతాడు. అదేమిట్రా అంటే, అందరి ఇళ్ళకూ ఒకేరోజు చుట్టాలు రారు కదా అని నవ్వేవాడు. వాడి బల్ల పక్కనే నా కుట్టుమిషను. ఫోన్లు ఎత్తేది నేనే. నా కుట్టుక్లాసుల సైటూ వాడి దగ్గరే ఉంది. డబ్బు కట్టను కాబట్టి జాబితాలో అందరికంటే కింద రాశాడు, మహానుభావుడు.

ధర దించినప్పుడు నోటికొచ్చినట్టు తిట్టాను. అయినా మార్చలేదు. ఇంత చవకంటే జనానికీ అనుమానమే, వారానికి ఒకరు చేరితే గొప్ప. కొత్తవాళ్ళను నా పేరుకు పైన, సందులో ఇరికించి రాసేవాడు. గురువారం మధ్యాహ్నం మూడయ్యేసరికి నన్ను బయటికి పంపి తలుపు వేసుకునేవాడు. మర్నాడు ఒక పేరు కొట్టేసి ఉండేది. మానేశారక్కా అనేవాడు.

నిన్న, బుధవారం, వాడు స్నానానికి వెళ్ళినప్పుడు, కొట్టేసిన పేర్లలో పూలకుండీలు అమ్మే ఆవిడకు ఫోన్ చేశాను. బతిమాలి వెనక్కి తెద్దామని నా ఆశ. వాళ్ళాయన ఎత్తాడు. శుక్రవారం తెల్లవారుజామున నిద్రలోనే పోయిందన్నాడు. ఇంకో నంబరుకు చేశాను. అక్కడా శుక్రవారమే. మూడోది చేయకుండా ఫోన్ పెట్టేశాను.

తల తుడుచుకుంటూ వచ్చినవాడు నా చేతిలో జాబితా చూసి కూలబడ్డాడు.

"గురువారం మూడింటికి ఒక చుట్టం వస్తుందక్కా," అన్నాడు. "గంటలో ఆ సైటుకిచ్చిన నెల బ్యాండ్‌విడ్త్ అంతా లాగేస్తుంది. తెల్లారేసరికి ఆ సైటు మనిషి ఉండరు. జాబితాలో పైనుంచి వరసగా దిగుతోంది."

నా సైటు తీసేయొచ్చు కదరా అన్నాను. ఫొటో స్టూడియో ఆయనది తీసేసి చూశాడట. ఖాళీ చోటికీ వచ్చిందట, ఆయనా పోయాడట. నా పైన వారానికొకరు ఉండాలి, అంత త్వరగా దొరకాలంటే ధర అలా పెట్టక తప్పలేదన్నాడు. చెంప పగలగొడదామని లేచి, చెయ్యి రాక మళ్ళీ కూర్చున్నాను. నాకోసమే చేశాడు, వెధవ.

జాబితా చూశాను. నా పైన కొట్టేయని పేరు ఒక్కటీ లేదు.

అప్పుడే ఫోన్ మోగింది. ఇంట్లో పిల్లలకు సంగీతం చెప్పుకునే అమ్మాయట. గొంతు చాలా చిన్నది. ఈరోజే చేరతానంది.

"ఇంత చవకేంటండీ? ఏమైనా మెలికుందా?" అని అడిగింది.

తమ్ముడు రెండు చేతులూ జోడించాడు. చిన్నప్పుడు నేనెత్తుకు తిప్పిన పిల్లవాడు. నాకు చావంటే భయం లేదని బడాయి పోను.

"ఉందమ్మా," అన్నాను. "ఇక్కడ కొనకు."

ఆ తర్వాత దగ్గర కూర్చుని మరీ ధర పాతదానికి పదింతలు చేయించాను. ఇక ఎవరూ చేరరు. నా కింద ఎవరూ లేరు, అదొక్కటే ధైర్యం.

ఈరోజు గురువారం. మూడింటికి ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. నా పేరు పక్కన బ్యాండ్‌విడ్త్ వాడకం చూపే గీత పైకి లేచింది. నా సైటులో ఉన్నవి నేను కుట్టిన పన్నెండు గౌన్ల ఫొటోలు. వచ్చిన చుట్టం ఆ పన్నెండింటినే గంటసేపు మళ్ళీ మళ్ళీ చూసింది. నాలుగింటికి ఆగిపోయింది.

సాయంత్రం వాడు అడక్కుండానే టీ పెట్టి ఇచ్చాడు. పంచదార నాలుగు చెంచాలు వేశాడు, పిసినారి.