మంచు కప్పుకున్న గులాబీ

మా ఇంటి ఓనర్ ఆంటీ పోయారు. కబురు చెప్పింది అంకులే. ఫిబ్రవరి ఉదయం ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చి, బేస్‌మెంట్ మెట్ల మీద నిలబడి, "మీ ఆంటీ ఇంక లేదమ్మా" అన్నారు. బూట్ల మీద మంచు కూడా కరగలేదు. నాకు ఏడుపు కంటే ముందు ప్రశ్నే వచ్చింది. మరి గులాబీ?

కెనడాలోని ఎడ్మంటన్‌కు మన విద్యార్థులు తండోపతండాలుగా వచ్చిన ఏడాదే నేనూ వచ్చాను. గది దొరకడమే గగనం. ఆంటీ బేస్‌మెంట్‌లో చోటిచ్చారు. నేను దిగిన అక్టోబరు రోజునే పెరట్లో ఒక గులాబీ చెట్టుతో కుస్తీ పడుతున్నారావిడ. కొమ్మలన్నీ తాడుతో కట్టి, ఒక పక్క వేళ్లు వదులు చేసి, పక్కనే తవ్విన గాడిలోకి మెల్లగా వంచుతున్నారు.

"చచ్చిపోయిందా ఆంటీ?" అన్నాను.

"వస్తూనే చావు మాటేంటే! నిద్రపుచ్చుతున్నా. ఆ కొస పట్టుకో."

పైన మట్టి, ఎండుటాకులు కప్పాం. చలికి తట్టుకునే రకాలు అమ్ముతారు కదా, ఈ తిప్పలెందుకని అడిగాను. "వాటి వాసన నాకు ఆనదమ్మా. గులాబీ ఉందని ముక్కుకి తెలియాలి" అన్నారు.

మొదటి పెద్ద మంచు పడిన రోజు, సాయం చేద్దామని పార పట్టుకుని ఆ మడి మీది మంచు ఎత్తబోయాను. ఆంటీ నైటీ మీద జాకెట్ వేసుకుని పరుగున వచ్చారు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! దాని దుప్పటి లాగేస్తావేంటే?"

"అదేంది ఆంటీ, మంచు సల్లగుంటది గదా?"

"గాలి ఇంకా చల్లన. చెయ్యి లోపల పెట్టి చూడు."

పెట్టాను. గాలికి మొద్దుబారిన వేళ్లకు ఆ ఆకుల మధ్య నిజంగానే కాస్త నయమనిపించింది. ఖమ్మం ఎండల్లో పెరిగిన నాకు అది నమ్మశక్యం కాలేదు. ఆ తర్వాత డ్రైవ్‌వే మీద ఎత్తిన మంచంతా గులాబీ మీదే పోసేవాళ్లం. "మొగుడికి కప్పదు గానీ దానికి కప్పుతుంది" అని అంకుల్ సణిగేవారు.

మే నెల సగమయ్యేదాకా ఆవిడ దాన్ని లేపనిచ్చేవారు కాదు. "మధ్యలో వచ్చే ఎండని నమ్మకూడదు" అనేవారు. జులై ఎండలు మాడ్చేటప్పుడు పొద్దున్నే చెట్టు మొదట్లో నీళ్లు పోసి, కోసిన గడ్డి పరిచేవారు. మొదటి పువ్వును చర్చికి తీసుకెళ్లేముందు మా గదికి తెచ్చి వాసన చూపించేవారు. నాకు ఆవిడంటే ప్రాణం.

మొన్న భూస్థాపన అయ్యి ఇంటికొచ్చాం. రెండు రోజులుగా ఎండ కాసి, మడి మీద మంచు కరిగి ఆకులు బయటపడ్డాయి. రాత్రికి మళ్లీ గడ్డకట్టే చలి అని వార్తల్లో చెప్పారు. అంకుల్ అక్కడే ఆగిపోయారు.

"తీసి చూద్దామా అమ్మా? బతికుందో లేదో."

నాకూ చూడాలనే ఉంది. "వద్దంకుల్. మే దాకా లేపొద్దన్నరు గదా."

ఆయన తలూపారు. నల్లకోటు విప్పకుండానే పార తెచ్చి, గోడ నీడన మిగిలిన మంచు ఎత్తి పోయసాగారు. నేనూ ఇంకో పార అందుకున్నాను. అంతా కప్పాక ఆయన మోకాళ్ల మీద కూర్చుని, అంచులన్నీ ఉత్త చేతులతో నెమ్మదిగా ఒత్తారు.