ఆముదం పోసిన గేర్‌బాక్సు

హిందూపురంలో నా షెడ్డు మూలన ఆరేళ్లు ఒక గేర్‌బాక్సు పడి ఉండేది. క్లచ్ తొక్కే పని లేకుండా తనంతట తానే గేర్లు మార్చుకునే పాత అమెరికా కారుది. అదేమిటని ఎవరడిగినా నాకు చిర్రెత్తుకొచ్చేది.

ఆ కారు పెనుకొండలో ఒక భూస్వామిది. దాని డ్రైవరు నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు. నా భార్య పోయాక నాతో కూర్చుని టీ తాగిన మనిషి అతనొక్కడే. 1950ల చివర్లో ఒకసారి నూనె మార్చమని కారు తెచ్చాడు. గేర్‌బాక్సు బిరడా తీస్తే ఎర్రగా, నీళ్లలా పల్చటి నూనె కారింది. ఎవడో కల్తీ చేశాడనుకున్నాను; దానికి పోయాల్సిందే ఆ నూనె అని నాకప్పుడు తెలియదు. మా వైపు బండి ఇరుసు మొదలు బావి గిలక దాకా అన్నిటికీ ఆముదమే. అతనికి చెప్పకుండానే చిక్కటి ఆముదం నిండా పోసి పంపాను. పెద్ద మెకానిక్కుని కదా!

నాలుగో రోజు కారు ధర్మవరం దారిలో మొరాయించింది. డ్రైవరే పాడుచేశాడని యజమాని నా ఎదుటే తిట్టి పనిలోంచి తీసేశాడు. నేను నోరు మెదపలేదు. అతను ధర్మవరంలో తన వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. తర్వాత కారును తుక్కుకు అమ్ముతుంటే గేర్‌బాక్సు మాత్రం నేను తెచ్చుకున్నాను, ఎందుకో నాకే తెలియదు. మధ్యాహ్నాలు గడిచేవి కావు. అలవాటుకొద్దీ రెండు గ్లాసులు కడిగి, ఒకటి మళ్లీ బోర్లించేవాణ్ణి.

చివరికి బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. అలాంటి కారే ఆయనకూ ఉందట. గేర్‌బాక్సు పక్కకు బిగించిన రేకు మీది మసి తుడిచి అంకెలు చదివాడు. అడుగు మూత బోల్టులు లెక్కపెట్టి, తన కారుకు కావలసింది ఇదేనన్నాడు. మూత విప్పి, వేలికంటిన జిగురు వాసన చూశాడు.

“ఏమప్పా, ఇది ఆముదం కదా! ఎవురు పోసినారు?”

“నేనే.”

ఆరేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు. అదీ ముక్కూ మొహం తెలియని మనిషితో. ఆయన నవ్వి, లోపలి సామాను పనికొస్తుందని కొనుక్కుపోయాడు. అది ఉన్నచోట నేల మీద నల్లటి మరక మిగిలింది. దాన్ని చూస్తూ కూర్చోలేక మర్నాడే ధర్మవరం బస్సెక్కాను.

అతను మగ్గం నేస్తున్నాడు. జుట్టు నెరిసిపోయింది. గుమ్మంలో నిలబడే అంతా చెప్పేశాను.

“తెలుసప్పా,” అన్నాడు, నేత ఆపకుండానే. “బండి నిలిచిపోయినప్పుడే ఆముదం వాసన కొట్టె. నువ్వొచ్చి చెప్తావని దినామూ చూసినా.”

“మరి మీ యజమానికి నువ్వెందుకు చెప్పలేదబ్బా?”

“చెప్పింటే నీ షెడ్డుకు ఎవురొస్తారప్పా?”

నాకు ఏడుపొచ్చింది. ఆ ఆరేళ్లూ నా షెడ్డుకు అందరూ వచ్చారు, అతనొక్కడు తప్ప.