పూర్తి ఫీజు కట్టినవాడు

కుళాయిల షాపు ఆసామి గోల్ఫ్ క్లబ్బులో సభ్యుడయ్యాడన్న సంగతి ఆ షాపుకి వాషరు కొనడానికి వచ్చిన ప్రతివాడికీ తెలుసు. అడక్కపోయినా తెలుసు. గల్లా వెనక గోడ మీద, ఇదివరకు ధరల పట్టిక ఉండే చోట, క్లబ్బు ప్రెసిడెంటుతో చేయి కలుపుతున్న ఫోటో ఒకటి ఫ్రేము కట్టించి తగిలించాడు. అందులో ప్రెసిడెంటు ఎటో చూస్తున్నాడు. ఈయన మాత్రం పళ్లన్నీ బయటపెట్టి కెమెరా వైపే చూస్తున్నాడు. ఎవరైనా పొరపాటున ఆ ఫోటో వైపు తలెత్తారా, దొరికిపోయారన్నమాటే.

"చేరడానికి ఎంతయిందో చెప్పుకోండి చూద్దాం," అనేవాడు.

వచ్చినవాడు నోటికొచ్చిన అంకె ఏదో చెప్పేవాడు. ఈయన జాలిగా నవ్వి, గొంతు తగ్గించి, అసలు అంకె చెప్పేవాడు. ఎదుటివాడి నోరు తెరుచుకుంటుంది చూడండి, ఆ ఒక్క క్షణం కోసమే ఈ మనిషి బతుకుతున్నాడంటే అబద్ధం కాదు. ఆ తర్వాత వాషరు ఇచ్చేవాడు, సగం సార్లు తప్పు సైజుది.

ఆ ఫీజు కట్టడానికి షాపు వ్యాను అమ్మేశాడు. అప్పట్నుంచీ సింకులూ పైపులూ అద్దె బండి మీద వెళ్తున్నాయి. వచ్చే లాభంలో సగం ఆ బండివాడే తింటున్నాడు. వ్యాను అమ్మిన రోజునే భార్య నిలదీసింది.

"ఆట రాదు, ఎండ పడదు, రెండు మెట్లెక్కితే ఆయాసం. ఎందుకండీ మీకీ వేషం?"

"నీకు తెలీదులే. అక్కడ మనుషుల స్థాయే వేరు."

ఆ స్థాయి మనుషులు ఈయన్ని ఒక్క పూట ఆటకి పిలిచిన పాపాన పోలేదు. ఆదివారం పొద్దున్నే కొత్త టోపీ, కొత్త బూట్లు, తెల్లటి చేతి తొడుగు వేసుకుని వరండాలో కూర్చునేవాడు. నలుగురేసి జట్లు కట్టుకుని మైదానంలోకి వెళ్లేవాళ్లకి వరసపెట్టి నమస్కారాలు పెట్టేవాడు. వాళ్లు తలాడించి పోయేవాళ్లు. అందరూ పోయాక ఒంటరిగా వెళ్లి కొట్టేవాడు. ఎటు గురి పెట్టినా బంతి కుడివైపు పొదల్లోకే పోయేది. దాన్ని వెతుక్కోవడంతోనే పూట గడిచిపోయేది.

నిజానికి ఆ క్లబ్బులో ఏముందని? హాల్లో కార్పెట్టుకి దారాలు లేచిపోయాయి. సోఫాలో కూర్చుంటే లేవడానికి ఇంకొకరు చెయ్యివ్వాలి. పాత సభ్యులు ఒక్కొక్కరే కాలం చేస్తున్నారు. కొత్తవాళ్లు రావడం, చుట్టూ తిరిగి చూడడం, చేరే ఫీజు ఎంతని అడగడం, ఇంట్లో ఒక మాట అడిగి చెబుతామంటూ జారుకోవడం, ఇదే తంతు. ఇంట్లో అడిగి తిరిగొచ్చినవాడు ఇంతవరకూ లేడు.

ఈయనకి ఆ మాత్రం బంతి కొట్టడం నేర్పింది సొంత తమ్ముడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊరి చివర హైవే పక్కన వలలు కట్టిన ప్రాక్టీసు గ్రౌండు ఒకటుంది. ఒక బుట్టెడు బంతులు కొనుక్కుంటే అవి అయ్యేదాకా కొట్టుకోవచ్చు. డ్యూటీ దిగాక, చేతులకి గ్రీజు వాసన పోకముందే అక్కడికి వెళ్లేవాడు. సెకండ్‌హ్యాండులో కొన్న రెండు కర్రలే అతని ఆస్తి. చాలా ఏళ్లుగా అదే వరస. కొట్టిన బంతి దారం లాగినట్టు తిన్నగా వెళ్లి వలకి తగిలి కింద పడేది. వల లేకపోతే ఆ బంతి ఎంత దూరం వెళ్లి ఎక్కడ పడేదో ఒక్కసారి కళ్లారా చూడాలని అతనికి మహా కోరిక. అంతకుమించి క్లబ్బుతో అతనికి పనేమీ లేదు. స్థాయి అనే మాట అతని నోట ఎవరూ వినలేదు.

నెలకొకసారి సభ్యులు ఒక అతిథిని తీసుకెళ్లి ఆడించవచ్చని క్లబ్బు రూలు. అన్నగారు ఒక్కసారి కూడా తమ్ముణ్ని తీసుకెళ్లలేదు. ఈ నెల రద్దీ అనేవాడు, గడ్డి కోస్తున్నారనేవాడు. అసలు కారణం ఏమిటంటే తమ్ముడి బంతి తిన్నగా పోతుంది, తన బంతి పొదల్లోకి పోతుంది. వరండాలో వాళ్లంతా ఆ రెండూ చూస్తారు. అదీ ఈయన బాధ.

ఇలా ఉండగా క్లబ్బు కమిటీకి ప్రాణం మీదికొచ్చింది. ఖర్చులు పెరిగాయి, చందాలు తగ్గాయి. ఫీజుని చూసే జనం బెదిరిపోతున్నారు కాబట్టి దాన్ని ఎత్తేసి, ఏడాది చందా మాత్రం ఉంచుదామని సెక్రటరీ ప్రతిపాదన పెట్టాడు. సభ్యులందరూ వచ్చి ఓటేయాలన్నాడు. సంగతి తెలియగానే తమ్ముడు పరుగున అన్న ఇంటికి వచ్చాడు.

"అన్నయ్యా, ఏడాది చందా అంటే ఎలాగోలా కట్టుకుంటాను. ఆ చేరే ఫీజే నా వల్ల కాదు. అది తీసేస్తే మర్నాడే దరఖాస్తు పెడతాను. మీ వాళ్లతో కాస్త మాట్లాడవూ."

"అది నువ్వు నాకు చెప్పాలా? నేనున్నానుగా. నీకోసం కాకపోతే ఇంకెవరికోసంరా," అన్నాడు అన్నగారు, భుజం తట్టి మరీ.

ఆ మాట అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు. కాదనకూడదు. ఆయన మనస్ఫూర్తి అంతా ఆ క్షణానికి సరిపడా ఉంటుంది. మర్నాడు షాపులో షవరు గొట్టం కోసం ఒకాయన వచ్చి ఫోటో వైపు చూశాడు. "ఎంతయిందో చెప్పుకోండి" అని నోరు తెరవబోయి ఆసామి ఠక్కున ఆగిపోయాడు. రేపు ఫీజు ఎత్తేశాక ఇదే మాట అడిగితే, "ఏమీ లేదటగా, ఎవరైనా చేరొచ్చటగా" అంటారు. వ్యాను పోయింది, దాంతో కొన్న గొప్ప కూడా పోతే ఇక మిగిలేది పొదల్లో బంతి ఒక్కటే.

మీటింగు రోజున హాలు సగమే నిండింది. సభ్యుల వెంట వచ్చిన ఆడవాళ్లకి వరండాలో టీ, బిస్కెట్లు పెట్టారు. లోపలి మాటలు వినబడేలా అక్కడొక స్పీకరు కూడా పెట్టారు. ప్రెసిడెంటు రిటైరైన కళ్ల డాక్టరు. మైకు ముందు గొంతు సవరించుకుని, "ముందుగా ఈ ఫీజు పూర్తిగా కట్టి చేరినవాళ్ల అభిప్రాయం విందాం. వాళ్లు దయచేసి లేచి నిలబడండి," అన్నాడు.

కుళాయిల ఆసామి లేచి నిలబడ్డాడు. ఛాతీ విరుచుకుని అటూ ఇటూ చూశాడు. హాలు మొత్తంలో ఇంకెవరూ లేవలేదు. కొందరు తండ్రి పేరు మీద వచ్చినవాళ్లు. కొందరికి కంపెనీ కట్టింది. కొందరు క్లబ్బు పెట్టిన కొత్తలో ఒక జత బూట్ల ఖరీదుకి చేరినవాళ్లు. ప్రెసిడెంటుగారు మామగారి పలుకుబడితో వచ్చారు. వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఇంగితం ఉన్న మనిషైతే అక్కడే కూలబడి, ఇంటికెళ్లి తలుపేసుకుని ఏడుస్తాడు. ఈ మహానుభావుడు తనకి సన్మానం జరుగుతోందనుకున్నాడు.

మైకు చేతికివ్వగానే అందుకున్నాడు. "ఫీజు చూసి జనం వెనక్కి పోతున్నారంటున్నారు. పోనివ్వండి సార్. ఫీజు పెట్టిందే అందుకు కదండీ. ఊరికే చేర్చుకుంటామంటే ఎవడైనా వస్తాడు. లిఫ్టులు బాగుచేసుకునేవాడు కూడా వస్తాడు. రేపు మీ పక్కన నిలబడి కొడతాడు. అప్పుడు మనకీ వాడికీ తేడా ఏముంటుంది?"

చప్పట్లు మోగాయి. ఫీజు ఉంచాలనేవాళ్లని చేతులెత్తమన్నారు. ఈయన అందరికంటే ఎత్తుగా ఎత్తాడు. సెక్రటరీ రెండుసార్లు లెక్కపెట్టి, ఒక్క ఓటు తేడాతో ప్రతిపాదన వీగిపోయిందని నీరసంగా ప్రకటించాడు. వెళ్లేటప్పుడు ప్రెసిడెంటు దగ్గరికొచ్చి, "బాగా మాట్లాడారు. మీది టైల్స్ షాపు కదూ?" అన్నాడు. "అవునండీ," అన్నాడు కుళాయిల ఆసామి.

దారి పొడవునా భార్య ముఖం అటు తిప్పుకునే ఉంది. ఎండకి తలనొప్పి వచ్చిందేమో అనుకున్నాడు. ఇంటికి వచ్చేసరికి తమ్ముడు ముందు గదిలో కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"ఏమయింది అన్నయ్యా?"

ఆసామి బరువుగా నిట్టూర్చి టోపీ తీశాడు. "ఎంత మొత్తుకున్నా వినలేదురా. రాతి గుండెలు వాళ్లవి. ఒక్క ఓటుతో పోయింది."

"పోనీలే అన్నయ్యా. నా కోసం అంతమందిలో మాట్లాడావు, అదే చాలు," అన్నాడు తమ్ముడు. తమ్ముడు వీపు నిమురుతుంటే అన్నగారు హాయిగా కూర్చుని నిమిరించుకున్నాడు.

భార్య చేతి సంచీ బల్ల మీద పెట్టింది. "ఆ ఒక్క ఓటూ మీ అన్నయ్యదే," అంది. "చెయ్యెత్తడం కిటికీలోంచి చూశాను. ఓటొక్కటే కాదు. లిఫ్టులు బాగుచేసుకునేవాడు కూడా వచ్చేస్తాడని మైకులో చెప్పారు. వరండాలో పాతికమంది ఆడవాళ్ల మధ్య కూర్చుని విన్నాను. నాకు తల కొట్టేసినట్టయింది."

తమ్ముడి చెయ్యి అన్న వీపు మీదే ఆగిపోయింది. "నిజమా అన్నయ్యా?"

ఆసామి బూటు లేసు విప్పడంలో మునిగిపోయాడు. అది ఎంతకీ ఊడలేదు.

"బంతి ఎక్కడ పడుతుందో చూద్దామనుకున్నాను, అంతే," అన్నాడు తమ్ముడు. "నీ పక్కన నిలబడక్కర్లేదు. ఆ చివరెక్కడో నిలబడేవాణ్ని." చొక్కా సర్దుకుని, "వెళ్లొస్తాను వదినా," అని లేచాడు. అన్నతో చెప్పలేదు.

కాస్త సిగ్గుపడ్డాడా ఆసామి? ఒక పూట పడ్డాడేమో. అన్నం తిని లేచేసరికి సర్దుకున్నాడు. కట్టలేనివాడికి ఉక్రోషం సహజమేనని తేల్చుకుని, ఆ మాట భార్యతో కూడా అన్నాడు. ఆవిడ కంచం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తమ్ముడు మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఎప్పుడైనా వదినకే ఫోను చేసేవాడు, అదీ ఆయన షాపులో ఉన్న వేళ చూసుకుని.

క్లబ్బు రోజురోజుకీ చిక్కిపోతూ వచ్చింది. ఎవరైనా చూడడానికి వస్తే సెక్రటరీ వాళ్లని కుళాయిల ఆసామికే అప్పగించడం మొదలుపెట్టాడు. పూర్తి ఫీజు కట్టినవాడు ఈయన ఒక్కడే కదా మరి. ఒక ఆదివారం పొద్దున ఒకాయన వచ్చాడు. హాలూ మైదానమూ తిరిగి చూసి, వరండాలో నిలబడి అంకె విని ముఖం చిట్లించాడు.

"కొంచెం ఎక్కువేనండీ. మా తమ్ముడికి ఈ ఆటంటే ప్రాణం. ఇద్దరం కలిసి చేరదామనుకున్నాం. మీకు అన్నదమ్ములెవరైనా ఉన్నారా, ఆడేవాళ్లు?"

"లేరండీ," అన్నాడు ఆసామి.

వచ్చినాయన ఇంట్లో ఒక మాట అడిగి చెబుతానని వెళ్లిపోయాడు.